అక్క చూడలేదన్న వెలుగు

అక్కచెల్లెళ్ళిద్దరికీ పదేళ్ళ తేడా. అక్క బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో బట్ట కత్తిరించే బల్ల దగ్గర పని చేసేది. చెల్లెలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేది. చిన్నప్పుడు చెల్లెల్ని అందరూ పిచ్చుకా అని పిలిచేవారు. ఇరవై రెండో ఏట ఆ పిల్లకి మతి చెదిరి, గోడలతో మాట్లాడి, నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉండి వచ్చాక ఆ ముద్దుపేరు మళ్ళీ ఎవరి నోటా రాలేదు. అందులో మొదటి సగం అందరికీ గొంతులో వెలక్కాయ అయి కూర్చుంది.

అది జరిగి ఐదేళ్ళు. మాత్ర మానకుండా వేసుకుంటూ, అక్కాబావల దగ్గరే ఉంటూ, చెల్లెలు నిమ్మళంగా ఉద్యోగం చేసుకుంటోంది. ఇంక ఫరవాలేదులే అని ఇంట్లోవాళ్ళు అనుకుంటున్న రోజుల్లో ఆ వెలుగు కనిపించింది.

రాత్రి ఎనిమిది కూడా కాలేదు. ఆరిన బట్టలు తీయడానికి ఇద్దరూ డాబా ఎక్కారు. మబ్బు పట్టి ఆకాశంలో ఒక్క చుక్క లేదు. అక్క తీగ మీంచి దుప్పటి లాగుతుంటే ఉన్నట్టుండి ఎదురుగోడ మీద బట్టల నీడలు పడ్డాయి. ఇదేమిటని తల తిప్పింది. నీళ్ళ ట్యాంకుకి పైన, మబ్బుకి దిగువన, పాలలో ఆకుపసరు కలిపినట్టున్న రంగులో ఒక వెలుగు. కొబ్బరికాయంత ఉందో, దూరాన ఇల్లంత ఉందో చెప్పడానికి లేదు. చప్పుడు లేదు, కదలిక లేదు. కాసేపటికి ఎవరో దారం కట్టి లాగినట్టు పక్కకి జరిగింది. ఆగింది. ఒత్తి తగ్గించిన లాంతరులా సన్నబడి ఆరిపోయింది.

"అక్కా, చూశావా?"

అక్క తల దించి దుప్పటిని చుట్ట చుట్టింది. "వానొచ్చేట్టుంది, తొందరగా తియ్యి," అంది.

కిందికి దిగీ దిగగానే చెల్లెలు బావ దగ్గరికి పరుగెత్తింది. బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్. గోళ్ళలో గ్రీజు కడుక్కుంటూ విన్నాడు. మొదట నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. భార్య వైపు తిరిగి, "నువ్వూ పైనే ఉన్నావుగా?" అన్నాడు.

"చెప్పక్కా, నువ్వు చెప్పు."

వాళ్ళమ్మకి కూడా ఇలాగే మొదలైంది. కిటికీ అవతల దీపం కనపడుతోందనేది. అందరూ నవ్వేవారు. ఆరు నెలలు తిరక్కుండా కన్నకూతుళ్ళని పట్టుకుని మీరెవరమ్మా అని అడిగింది. అప్పుడు పద్నాలుగేళ్ళ పిల్లయిన అక్కకి ఆ ప్రశ్న ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. తనూ చూశానంటే ఏమవుతుంది? తల్లికి వచ్చింది, చెల్లెలికి వచ్చింది, ఇక మిగిలింది తనే.

"నేను బట్టలు తీస్తున్నా. నాకేం కనపళ్ళేదు," అంది.

చెల్లెలు ఆమెకేసి ఒక్క క్షణం చూసి, గదిలోకి వెళ్ళి పడుకుంది.

మర్నాడు అక్క ఎదురింటి కాపలాదారుని మాటల్లో పెట్టి, రాత్రి ఏమైనా మెరిసిందా అని ఆరా తీసింది. లేదమ్మా అన్నాడు. పేపరు మొదటి అక్షరం నుంచి చివరిదాకా తిరగేసింది. ఆకాశం గురించి వానల కబురు తప్ప ఇంకేమీ లేదు.

ఆ వారమే చెల్లెల్ని, ఆమెకి మందులు రాసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ అంతా విని, "అప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా?" అంది.

"నేనున్నానండి. నాకేం కనపళ్ళేదు." రెండోసారి ఆ అబద్ధం మొదటిసారంత కష్టమనిపించలేదు.

మందు రెట్టింపయింది. చెల్లెలు నోరెత్తకుండా మింగింది. పది రోజులకి నాలుక మందమై మాట ముద్దముద్దగా రాసాగింది. చేతులు వణికాయి. దుకాణంలో ఒకే పూట మూడు అద్దాల అంచులు విరిగాయి. యజమాని మంచివాడే, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమ్మా," అని గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. ఆ రోజు నుంచి చెల్లెలు మంచం మీద కూర్చుని చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటూ ఉండేది. అక్క అన్నం కలిపి పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు.

వెలుగు కనిపించిన రాత్రి నుంచి మూడు వారాలు అక్క ఆ అబద్ధాన్ని మింగలేక, కక్కలేక గడిపింది. ఒకరోజు మధ్యాహ్నం కార్ఖానాలో కటింగ్ మాస్టరు పెద్దగా కేకేశాడు.

"ఏంటమ్మా ఇది? నలభై చొక్కాలకి ఎనభై చేతులూ ఎడమచేతులే కోశావు! ఏ లోకం పిల్లలకి తొడుగుతారు వీటిని?"

బల్లల దగ్గరివాళ్ళంతా పకపకా నవ్వారు. అక్క కత్తెర కింద పెట్టి, సంచీ తగిలించుకుని, సరాసరి ఆసుపత్రికి నడిచింది.

"ఆ వెలుగు నేనూ చూశానండి," అంది, కుర్చీలో కూర్చోకుండానే.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది. మా అమ్మకీ ఇలాగే..." అంటూ బావురుమంది.

డాక్టరమ్మ ఆమెను ఏడవనిచ్చింది. తర్వాత ఆమె నిద్ర గురించి, ఎవరూ లేనప్పుడు గొంతులేమైనా వినపడతాయా అని అడిగి రాసుకుంది. "ఆ వెలుగేమిటో నాకు తెలీదు. నాకు తెలియనివన్నీ జబ్బులని రాయలేను కదా? కానీ మీరు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నేనంత మందు రాసేదాన్ని కాదు."

"నాకూ వస్తుందాండీ?"

"ఇప్పుడైతే ఏమీ లేదు. ఎప్పటికీ రాదని మాత్రం మాటివ్వలేను."

ఇంటికొచ్చి చెల్లెలి మంచం పక్కన నేల మీద చతికిలపడింది. "నేనూ చూశానే," అంది.

"తెలుసు."

"తెలుసా?"

"నీ వైపు చూశాను కదక్కా. నోరు తెరిచి పైకే చూస్తున్నావు. ముఖమంతా ఆకుపచ్చగా ఉంది." మాటలు కూడబలుక్కుంటూ నెమ్మదిగా చెప్పింది. "నువ్వు లేదన్నాక నీ ముఖం కూడా నేనే కల్పించుకున్నానేమో అనుకున్నాను. వెలుగు పోతే పోయింది. నీ ముఖం నిజమా కాదా అని మూడు వారాలు ఆలోచించాను."

అక్క చెల్లెలి పాదాల మీద తల పెట్టబోయింది. చెల్లెలు కాళ్ళు వెనక్కి తీసుకుంది.

మందు తగ్గాక నెలా నెలన్నరకి చేతుల వణుకు పోయింది. దుకాణంవాళ్ళు తిరిగి రమ్మన్నారు. బావ, విషయం తెలిసిన రోజున, భార్యని ఒక్క మాట అనలేదు. రెండు రోజులు ఆమెతో అసలే మాట్లాడలేదు. చెల్లెలు దుకాణానికి దగ్గర్లో ఒంటిగది చూసుకుంది. పరుపు చుట్ట అక్కే మోసుకెళ్ళి మూడో అంతస్తులో దింపింది.

"కోపం పోలేదా?"

"కోపం కాదక్కా. ఇకమీదట నాకేదైనా కనపడితే బయటివాళ్ళనెవరినైనా అడుగుతాను. నువ్వు ఏం చెప్పినా నాకు నమ్మకం కుదరదు."

అని, గది రెండు తాళంచెవుల్లో ఒకటి తీసి అక్క చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గరుంచు. రెండు రోజులు నా దగ్గర్నుంచి ఫోను రాకపోతే తలుపు తీసుకుని వచ్చెయ్."