గులాబీ రిబ్బన్ల కర్రలు

"హామ్ పంపినవాడికే ఆ హామ్ వండి పెడతామా? మనకైనా సిగ్గుండాలి," అంది ట్వైలా, ఫ్రిజ్ తలుపును మోకాలితో నెట్టి మూస్తూ.

"పొద్దున్నుంచీ అదే పాట." ఆమె భర్త రస్సెల్ బూట్లు విప్పుతూ తలెత్తలేదు. "ఏదో ఒకటి వండు. ప్లేట్లు మాత్రం మీ అమ్మవి తియ్యి. పేపర్ ప్లేట్లు పెట్టావంటే పరువు పోతుంది."

"పరువు ప్లేట్లలో ఉందా?"

"నీతో ఏం మాట్లాడినా ఇంతే."

గ్యాస్ కంపెనీ పంపిన ఆ పందిమాంసపు ముక్క వారం రోజులుగా ఫ్రిజ్‌లో రెండు అరలు ఆక్రమించుకుని కూర్చుంది. పాలు తీయాలంటే దాన్ని జరపాలి, గుడ్లు పెట్టాలంటే దాన్ని ఎత్తాలి. ఈ ఐదేళ్ళలో ఒక్క క్రిస్మస్‌కి గానీ ఈస్టర్‌కి గానీ కంపెనీ నుంచి పలకరింపైనా రాలేదు. ఇప్పుడు ఏ పండగా లేని సెప్టెంబరులో హామ్ వచ్చింది. పొలం కింద ఉన్న గ్యాస్ తీసుకునే హక్కును కంపెనీకి కౌలుకిచ్చిన కాగితానికి ఈ శుక్రవారంతో గడువు తీరుతుంది. మరో ఐదేళ్ళు పొడిగించాలంటే ట్వైలా సంతకం కావాలి. దానికోసమే కంపెనీ మనిషి ఇవాళ భోజనానికి వస్తున్నాడు. ఈ కొండవాలు పొలం ఆమె తల్లిది. తల్లి తర్వాత ఆమెది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, సంతకం పెట్టాల్సిన రోజున మాత్రమే గుర్తొస్తుంది.

బంగాళదుంపలు చెక్కు తీస్తూ కూర్చోలేకపోయింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది, మళ్ళీ వచ్చి కూర్చుంది, మళ్ళీ లేచింది. పై మైదానంలో ఊట పక్కన వరసగా పాతిన కర్రలు ఇక్కడికీ కనిపిస్తున్నాయి. వాటికి కట్టిన గులాబీ రిబ్బన్లు ఎండకి వెలిసి పాత పట్టీల్లా వేలాడుతున్నాయి. ఐదేళ్ళ కిందట మొదటి సంతకమైన మర్నాడే కంపెనీ మనుషులు వచ్చి, బోరు వేసే చోటని వాటిని పాతిపోయారు. మళ్ళీ రాలేదు. రిగ్గు రాలేదు, కర్రలు మాత్రం ఉండిపోయాయి. రస్సెల్ ట్రాక్టర్‌తో గడ్డి కోసేటప్పుడు వాటి చుట్టూ వదిలేస్తాడు, వంగి కొడవలితో ఆ కాస్తా కోసేది ట్వైలా. 'చూసి కొయ్యి, కర్ర కదిలిందంటే కంపెనీతో తలనొప్పి' అంటాడు. అమ్మ కోరుకున్నట్టు ఊట పక్కన నాలుగు ఆపిల్ మొక్కలు పెడతానంటే 'ముందు కంపెనీని అడుగు' అన్నాడు. అడిగింది కూడా. ఫోనులో పాట వినిపిస్తూనే ఉంది, ఎవరూ పలకలేదు. తన నేలలో తను మొక్క పెట్టుకోవడానికి ఎవర్నో అడగాల్సి వచ్చింది. ఆ సంతకానికి వచ్చిన డబ్బుతో రస్సెల్ ట్రాక్టర్ కొన్నాడు, మరిది క్లేటన్ అప్పు తీరింది. బడి వంటగదిలో తనతో గరిటె తిప్పే ఆడవాళ్ళు మాత్రం 'గ్యాస్ మహారాణిగారు ఇంకా ఈ సూపు కలపడమేంటమ్మా' అని నవ్వారు. ఆమె కూడా నవ్వి సూపు కలిపింది.

ఆ సంతకం రోజు బాగా గుర్తుంది. అందరూ తిన్నారు, ఆమె గిన్నెలు కడుగుతోంది. బల్ల దగ్గర మాటలన్నీ అయిపోయాక రస్సెల్ కేకేశాడు: 'చేతులు తుడుచుకుని రా, కాగితం తడుస్తుంది.' ఎక్కడ పెట్టాలో అతనే వేలితో చూపించాడు. అత్తగారు ఓపల్ మెచ్చుకోలుగా అంది: 'మా రోజుల్లో అయితే చదువుతామని కూడా అడిగేవాళ్ళం కాదు.'

సాయంత్రం కంపెనీ మనిషి ప్రెంటిస్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మాట తియ్యన. ట్వైలా కోడిని కాల్చింది, అమ్మ ప్లేట్లలోనే వడ్డించింది. అతను రస్సెల్‌తో వాన గురించి, క్లేటన్‌తో ట్రక్కుల గురించి, ఓపల్‌తో ఆమె మోకాళ్ళ గురించి మాట్లాడాడు. ట్వైలాతో "కాఫీ ఉంటే కాస్త, మేడమ్" అన్నాడు.

కాఫీ పోసింది. ప్లేట్లు తీసుకుని కాళ్ళకి అలవాటైన దారిలో సింకు దగ్గరికి వెళ్ళింది. చేతులు సబ్బు నురగలో ఉండగానే వెనక కాగితాల చప్పుడైంది.

"ట్వైలా, చేతులు తుడుచుకుని రా. కాగితం తడుస్తుంది."

అదే గొంతు, అవే మాటలు. అతనికి గుర్తు కూడా లేదు. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఐదేళ్ళలో రిగ్గు ఎందుకు రాలేదండీ?"

ప్రెంటిస్ రస్సెల్ వైపు తిరిగి జవాబిచ్చాడు. "మార్కెట్ అలా ఉందండీ రస్సెల్‌గారూ. నిజానికి మేం శుక్రవారంలోపు బుల్డోజర్ దింపి పని మొదలుపెట్టామంటే, సంతకం లేకపోయినా ఈ కౌలే సాగుతుంది. కానీ మీతో అలా చెయ్యడం మాకిష్టం లేదు."

"అడిగింది నేను," అంది ట్వైలా. "బుల్డోజర్ దింపేవాళ్ళే అయితే హామ్ ఎందుకు పంపారు?"

క్లేటన్‌కి కాఫీ పొలమారింది. ప్రెంటిస్ మొదటిసారి ఆమె వైపు చూశాడు. చూసి, కాగితాలూ పెన్నూ సర్ది ఆమె ముందు బల్ల మీదే వదిలి, రేపు ఫోన్ చేస్తానని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు హామ్ తిరిగి పట్టుకెళ్ళమని ట్వైలా అడిగితే, వద్దని చెయ్యి ఊపాడు.

కారు మలుపు తిరగ్గానే ఇంట్లోవాళ్ళంతా ఆమె మీద పడ్డారు.

"పిచ్చెక్కిందా నీకు? ఈ డబ్బుతో పాల కూలర్ మార్చాలని ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నాను!" అన్నాడు రస్సెల్.

"వదినా, నేను ట్రక్కుకి మాటిచ్చేశాను. కాస్త ఆలోచించు."

"ఎవర్నడిగి ఇచ్చావు క్లేటన్?"

"ఇంకెవర్ని, అన్నయ్యని!"

"మగాళ్ళు మాట్లాడుకున్నాక మధ్యలో ఇదేంటమ్మాయ్," అంది ఓపల్. కానీ ఆమె చెయ్యి మాత్రం కోడలి ముందున్న పెన్ను తీసుకుని తన అల్లికల సంచీలో పడేసుకుంది. ఎందుకో ఎవరూ అడగలేదు.

సింకులో అమ్మ ప్లేట్లు నీళ్ళలో మునిగి ఉన్నాయి. ట్వైలాకి లేవాలనిపించలేదు.

"శుక్రవారంతో ఆ కాగితం అయిపోతుంది. నేను సంతకం పెట్టడం లేదు," అంది, గొంతు పెంచకుండా, ఒక్కొక్కరి మొహం చూస్తూ. "శనివారం పొద్దున్నే పై మైదానంలో ఆ కర్రలు పీకుతుంటాను. టిఫిన్ మీరు చూసుకోండి. హామ్ ఉంది."