పేర్లు మోసిన కారు

గుర్వయ్యకు ఆ షెడ్డు మీద రెండేళ్ళుగా కన్ను ఉంది. గట్టి రేకులు, మూడు వైపులా గోడ, నాలుగో వైపు ఇనుప గేటు. తోడేలు దూరదు, వాన జల్లు పడదు. ఈనిన గొర్రెలను, పిల్లలను లోపలికి తోలి గేటు వేస్తే తెల్లారేదాకా కంటి నిండా నిద్రపోవచ్చు. కానీ ఆ షెడ్డులో ఆయన కొడుకు పరమేష్ బోరు మోటార్లు, ట్రాక్టర్లు బాగుచేస్తాడు. మిగిలిన టైమంతా ఓ పాత కారు కింద పడుకుని ఉంటాడు. బయటికి కాళ్ళు మాత్రమే కనపడతాయి.

"జాగ నాది, రేకులు నావి," అని గుర్వయ్య ఆ కాళ్ళతోనే మాట్లాడేవాడు. "నా పిల్లలు బయట వణుకుతాంటే నీ ఇనుము లోపల సల్లగ పండుకున్నది."

"పందెంల గెలిస్తె నువ్వే మురుస్తవు నాయినా," అనేవి కాళ్ళు.

ఆ ఎండాకాలం పాలమూరు పల్లెల్లో పాత కార్లకు నాలుగు పందేలు పెట్టారు. ఇరవై ఏళ్ళు దాటిన కారై ఉండాలి, ఇంజను మార్చకూడదు. మిగతాది ఎవరి తెలివి వాళ్ళది. ఒక పందేనికీ ఇంకో పందేనికీ నడుమ మూడు వారాల వ్యవధి. ఈ మూడు వారాల్లోనే అసలు పోటీ అంతా. నడిపేది పది చుట్లయితే, బాగుచేసుకునేది మూడు వారాలు.

గుర్వయ్య తలపాగా విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. ఆయన మాట ఇచ్చే ముందు అలా చేస్తాడు.

"నాలుగిట్ల ఒక్కటంటె ఒక్కటి గెల్వు. షెడ్డు నీదే, మల్ల నోరెత్త. గెల్వకుంటె మిరుగం వానలు పడే లోపట ఖాళీ చేసి, కట్టె పట్టుకొని గొర్ల ఎంబడి రావాలె."

"సరే," అన్నాయి కాళ్ళు.

మొదటి పందెం మరికల్ అవతల ఎండిపోయిన ఓ కుంటలో. ఎనిమిది కార్లు వచ్చాయి. పరమేష్ కారును నడిపింది అతని చెల్లెలు శోభ. ఆమె దేవరకద్ర అడ్డాలో ఆటో నడుపుతుంది. తొమ్మిది మందిని, రెండు కోళ్ళ గంపలను ఎక్కించుకుని, ఎదురొచ్చే లారీకీ గోతికీ మధ్య సందు దొరకబుచ్చుకునే మనిషి. అయిదో చుట్టు దాకా మూడో స్థానంలో ఉంది. అప్పుడు బానెట్ సందుల్లోంచి కుండ పొంగినట్టు ఆవిరి తన్నింది. ఆగి, చల్లార్చి, బయలుదేరేసరికి అందరూ దాటిపోయారు. ఏడో స్థానం వచ్చింది. ఎనిమిదో కారుకు చక్రం ఊడింది కాబట్టి అదైనా వచ్చింది.

ఇంటికి తెచ్చాక పరమేష్ నాయినమ్మ బిక్షమ్మ వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి చూసింది.

"దీనికి దూపైతాందిరా పోరగా. గొర్రెకైనా కారుకైనా ఎండల నీళ్ళు గావాలె గద," అని, లోపలికి వెళ్ళి తన స్టీలు బిందె తెచ్చి ముందు పెట్టింది. దాని మెడ మీద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు చెక్కి ఉంది.

పరమేష్ నవ్వబోయి ఆగాడు. ముసలామె మాటలో పని ఉంది. పక్క సీటు తీసేసి, ఆ చోట బిందెను బిగించి, మూతికి ట్యూబు రబ్బరు కట్టి, రేడియేటర్‌కు రెండు పైపులు కలిపాడు. వేడెక్కిన నీళ్ళు బిందెలోకి పోతాయి, చల్లబడినవి తిరిగొస్తాయి.

రెండో పందెంలో ఆవిరి రాలేదు. శోభకు రెండో స్థానం వచ్చింది. నారాయణపేట విజేందర్ ఒక్కడే ఆమెకన్నా ముందున్నాడు, అదీ కారు పొడుగంత.

ఊరు ఊరంతా బిందెను చూడ్డానికి వచ్చింది. కారును ఎవరూ చూడలేదు.

"బిక్షమ్మ పేరు నారాయణపేట దాక పోయింది," అన్నారు. ఆ మాట చాలా ఇళ్ళలో అన్నం దిగకుండా చేసింది.

మర్నాడే మాజీ సర్పంచ్ వీరేశం కారు ముందు కట్టే ఇనుప గార్డు చేయించి తెచ్చాడు. ఇద్దరు మోస్తే గానీ లేవలేదు. దాని మీద ఎర్ర రంగుతో ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, పదవిలో ఉన్న సంవత్సరాలు రాసి ఉన్నాయి. పరమేష్ మేనమామ ఐలేశం టాపు మీదికి ఇనుప క్యారియర్, దాని మీద మైకు తెచ్చాడు. నారాయణపేటలో మగ్గం నేసే మేనత్త పట్టు సీటు కవరు పంపింది, అంచుతో సహా. యువజన సంఘం వాళ్ళు ఎక్కడో ఫోన్‌లో చూసి, వెనక డిక్కీ మీద బిగించే రేకు రెక్క కొట్టించారు. దాని మీద పదిహేడు పేర్లున్నాయి. అధ్యక్షుడి పేరు రెండుసార్లుంది.

"కాకా, జర బరువైతదేమో," అన్నాడు పరమేష్, గార్డును చూస్తూ.

"బరువు గాదురా, గట్టిదనం," అన్నాడు వీరేశం. "అడ్డమొచ్చినోడు నా పేరు సదివి పక్కకు జరగాలె."

బిందెకు చోటిచ్చి గార్డుకు ఇవ్వనంటే ఎలా? గుడికి ఫ్యాను ఇచ్చినా బడికి బెంచీ ఇచ్చినా, రెక్కల మీద, పలకల మీద పేరు రాయించి ఇచ్చే ఊరది. వచ్చినదాన్ని వద్దనే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. పరమేష్ అన్నీ బిగించాడు.

మూడో పందెం మక్తల్ వైపు సవుడు నేలలో. కారు కదిలేసరికే మిగతావి మొదటి మలుపు తిరిగాయి. మలుపులో శోభ స్టీరింగ్ ఎడమకు తిప్పితే, పట్టు కవరు మీద ఆమె కుడికి జారి తలుపుకు తగిలింది. నేరుగా ఉన్నచోట వేగం అందుకుంటే, రేకు రెక్క కిందికి గాలి దూరి వెనక భాగం కోడిపెట్టలా లేచింది. ఇవి చాలవన్నట్టు ఐలేశం మైకు, గతుకు పడ్డప్పుడల్లా తనంతట తానే కూసింది. ఈసారి చక్రం ఎవరికీ ఊడలేదు. కడపటి స్థానం శోభకే వచ్చింది.

ఆమె దిగి చున్నీ దులుపుకుంది. "అన్నా, నేను కారు నడుపుతున్ననా, బారాత్ నడుపుతున్ననా?"

పరమేష్ నేరుగా విజేందర్ కారు దగ్గరికి నడిచాడు. మూడింటికి మూడు గెలిచినవాడు గోనె పట్టా మీద కూర్చుని, చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నాడు.

"విజేందరన్నా, నీ కారుకు ఏమేం పెట్టినవో జర చెప్పరాదె."

"పెట్టింది తకువ తమ్మీ, తీసింది ఎక్కువ," అన్నాడు విజేందర్. "ఒక్కపారికి ఒక్కటే మారుస్త. అదే తొవ్వల, అదే ఎండల ఉరికిచ్చి చూస్త. టైం తగ్గితె ఉంచుత. తగ్గకుంటె పీకేస్త. మొన్న మా బామ్మర్ది తెచ్చిన సైలెన్సర్ గిట్లనే పీకిన."

"బామ్మర్ది ఏమనలే?"

"నెల నుంచి మాట్లాడ్తలేడు. కారైతె ఉరుకుతాంది."

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే పరమేష్ పానా పట్టి గార్డు విప్పాడు. నాలుగో బోల్టు నేల మీద పడకముందే వీరేశం గేటు దగ్గరున్నాడు. ఆ వార్త అంత తొందరగా ఎలా చేరిందో పరమేష్‌కు ఇప్పటికీ తెలియదు.

"ఏందిరా పరమేషా, నా పేరు తీస్తున్నవా?"

"పేరు కాదు కాకా, గార్డు."

"గార్డు మీదున్నది ఎవని పేరురా? మా నాయిన పేరు గూడ ఉన్నది దాని మీద. సచ్చినోన్ని కారు మీదికెల్లి దింపుతవా?" ఆయన లోపలికి తొంగి చూశాడు. "బిందె ఉన్నది గద! ముసలామె పేరు తియ్యవు గని నా పేరు తీస్తవు."

"బిందె పని చేస్తాంది కాకా."

"అంటె నేను పన్జెయ్యననా?"

సాయంత్రానికి షెడ్డు ముందు పంచాయితీ కూడింది. ఐలేశం వచ్చాడు, యువజన సంఘం పదిహేడు మందీ వచ్చారు. గార్డు తీస్తే తమవీ తీస్తారని అందరికీ అర్థమైంది. ఒక్కటి తీసినా వచ్చే పెండ్లికి ఎవరూ రారని ఐలేశం తేల్చి చెప్పాడు. అది శోభ పెండ్లి. ఆమె, "రాకుంటె రాకుండ్రి, కూర మిగుల్తది," అంది. గొడవ ఇంకా పెద్దదైంది.

పరమేష్ కారుకు ఆనుకుని కూర్చున్నాడు. మిగిలింది ఒక్క పందెం. గార్డుతో గెలవడు. గార్డు తీస్తే ఊళ్ళో తిరగలేడు. కట్టె, గొంగడి, గొర్రెల వెనక నడక అతని కళ్ళముందు కనపడుతున్నాయి.

అప్పటిదాకా అరుగు మీద చుట్ట కాలుస్తున్న గుర్వయ్య లేచాడు. తలపాగా విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. అందరూ మాటలాపారు.

"వీరేశం, ఎండలు ముదరకముందు మేం గొర్లకు ఏం జేస్తం?"

"బొచ్చు కత్తిరిస్తరు."

"ఎందుకు?"

"ఎందుకంటె... ఎండకు తట్టుకోవు. బరువైతది."

"కత్తిరిచ్చేటప్పుడు బొచ్చును తిడ్తమా? పసుపు, కుంకుమ పెట్టి, గొంగడి పరిచి దాని మీద ఏస్తం. సలికాలమంతా అదే గద కాపాడింది. ఇగ నీ గార్డు గూడ ఒక పందెం కాపాడింది. గిప్పుడు కత్తిరిచ్చే యాల్లయింది. ఎవలిది వాండ్లే, మీ చేతులతోటే తియ్యుండ్రి. గొంగడి నాది."

వీరేశం గడ్డం గోక్కున్నాడు. "పేరు సదువుతరా?"

"మైకుల సదువుతరు."

పరమేష్ తండ్రిని పక్కకు లాగాడు. "నాయినా, నేను ఓడితె షెడ్డు నీకే గద. నువ్వెందుకు నడుమల..."

"బొచ్చుతోటి ఉన్న గొర్రెను ఉరికిచ్చి గెలిచిన అని గుర్వయ్య చెప్పుకోడు," అన్నాడు ఆయన. "కత్తిరిచ్చినంక ఉరుకు. అప్పుడు ఓడితె షెడ్డు తీసుకుంట."

రెండ్రోజులకు కారుకు బొచ్చు కత్తిరించారు. నల్ల గొంగడి పరిచారు, బానెట్‌కు పసుపు రాశారు. వచ్చినవాళ్ళకు అంబలి పోశారు. క్యారియర్ మీది మైకులోనే ఐలేశం ఒక్కొక్కరి పేరూ గట్టిగా చదివాడు. వీరేశం తన బోల్టులు తానే విప్పి, గార్డును పసిపిల్లను దించినట్టు గొంగడి మీద దించాడు. చప్పట్లు కొట్టారు. మేనత్త కవరు వచ్చింది. రెక్క వచ్చింది, పదిహేడు మంది చేతుల మీదుగా. అన్నీ అయ్యాక ఇక మిగిలింది మైకు ఒక్కటే అని ఐలేశానికి గుర్తొచ్చింది. ఆ తర్వాత తన పేరు తనే, ఊరి అవతలి బీరకాయ పందిళ్ళ దాకా వినపడేలా మూడుసార్లు చదువుకుని, వైరు పీకాడు.

బిందెకు మాత్రం ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఆ మర్నాటి నుంచి అన్నాచెల్లెళ్ళు విజేందర్ చెప్పినట్టే చేశారు. ఊరి బయటి బీడులో అదే చుట్టు, అదే మిట్టమధ్యాహ్నం, ఒక్కో మార్పు. శోభ నడిపేది, పరమేష్ ఫోన్‌లో టైం చూసి, ఇంటికొచ్చాక షెడ్డు గోడ మీద బొగ్గుతో రాసేవాడు. చక్రాల్లో గాలి తగ్గించారు, టైం తగ్గింది, ఉంచారు. వెనక అద్దం తీశారు, ఏం తేడా రాలేదు, మళ్ళీ పెట్టారు. నిజంగా వేధించింది ఒక్కటే: తేలికైన కారు మలుపులో వెనక నుంచి జారిపోతోంది.

"ఎనక బరువు లేదన్నా," అంది శోభ. "ఆటోల ఎనక ముగ్గురు లేకుంటె గిట్లనే గుంజుతది."

పరమేష్ రెండ్రోజులు ఆలోచించాడు. ఇసుక మూట పెట్టి చూశాడు. అది మలుపులో దొర్లింది. మూడోరోజు గొంగడి వైపు చూసి, నిట్టూర్చి, వీరేశం ఇంటికి నడిచాడు.

"కాకా, నీ గార్డు మల్ల గావాలె. ముందల కాదు, ఎనక డిక్కీల."

"పేరు కనపడదు గద?"

"కనపడదు. పనైతె చేస్తది."

వీరేశం చెప్పులు తొడుక్కున్నాడు. "డిక్కీ తెరిచినప్పుడు కనపడేటట్టు పెట్టు," అన్నాడు.

అలాగే బిగించాడు. గోడ మీది అంకెల్లో అన్నిటికన్నా చిన్నది అప్పుడు పడింది.

నాలుగో పందెం దేవరకద్ర బయటి దున్నని చెలకలో. గుర్వయ్య గొర్రెలను ఇంకొకరికి అప్పజెప్పి వచ్చాడు. ఆయన పందేనికి రావడం అదే మొదలు. ఎనిమిది చుట్ల దాకా విజేందరే ముందున్నాడు. శోభ అతని దుమ్ములో నోరు మూసుకుని వెంట పడింది. తొమ్మిదో చుట్టులో విజేందర్ మలుపును వెడల్పుగా తీసుకున్నాడు. లోపల ఒక సందు కనపడింది. అడ్డాలో రోజూ దొరికే సందు అంతకన్నా ఇరుకు. శోభ తిప్పింది. కారు వెనక భాగం ఒక్కసారి ఊగింది, డిక్కీలో వీరేశం నాయిన పేరు గట్టిగా నేలను పట్టుకుంది, కారు నిలదొక్కుకుంది. ఆఖరి చుట్టు ఆమె అద్దంలో కూడా చూడలేదు.

గుర్వయ్య అరవలేదు, గంతులు వెయ్యలేదు. తలపాగా విప్పి, దులపడం మర్చిపోయి చేతిలోనే పట్టుకున్నాడు.

"షెడ్డు నీదే," అన్నాడు కొడుకుతో.

"డిక్కీ తెరువుండ్రి, డిక్కీ!" అని వీరేశం వెనక నుంచి తోసుకుంటూ వచ్చాడు. ఫొటోలన్నీ డిక్కీ తెరిచే తీశారు.

అసలు చిక్కు మర్నాడు మొదలైంది. గొంగడి మీద ఉన్నవన్నీ ఎక్కడ పెట్టాలి? బయట పెడితే తుప్పు పడతాయి, పేర్లు చెరిగిపోతాయి. ఎవరిది వాళ్ళు తీసుకుపోతారా అంటే, ఇచ్చింది తిరిగి తీసుకునే మనిషి ఊళ్ళో లేడు. క్యారియర్, మైకు, రెక్క అన్నీ షెడ్డులో గోడకు ఆనించారు, పేర్లు బయటికి కనపడేలా. పందెం గెలిచిన కారుకు మేమూ ఏదో ఒకటి ఇవ్వాలని మరో పదకొండు ఇళ్ళవాళ్ళు వచ్చారు. ఒకరు రెండు తలుపులు తెచ్చారు. ఒకరు వేరే కారుది బానెట్ తెచ్చారు. పక్క ఊరి వాళ్ళొకరు గోడ గడియారం ఇచ్చారు.

వారం తిరిగేసరికి పరమేష్ గేటు ముందు నిలబడి లోపలికి చూస్తున్నాడు. కారు బయట ఎండలో ఉంది. దాని నీడలో నాలుగు గొర్రెపిల్లలు పడుకున్నాయి.

గుర్వయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. "నా పిల్లలైతె పెరిగి ఎల్లిపోతుండె. గివి ఎటు పోవురా."

బిక్షమ్మ వాళ్ళిద్దరి నడుమ నుంచి వచ్చి, కారు తలుపు తెరిచి, బిందె పైపులు తనే పీకేసింది. నీళ్ళన్నీ గొర్రెపిల్లల మీద పడ్డాయి. అవి లేచి దులుపుకున్నాయి.

"అవ్వా, గదేంది!" అన్నాడు పరమేష్.

"పందెం అయిపాయె గద," అంది ఆమె, బిందె చంకకెత్తుకుంటూ. "నల్లా నీళ్ళు వచ్చే యాల్లయింది."