గూడ్సు లైను మీద నాలుగు రోజులు

"ఆ బండ్ల పోకు" అని అత్త అన్నప్పుడు నేను నూలు కండెలు చుడుతున్నాను. బడికి పోయేలోపు గంపెడు కండెలు చుట్టి మగ్గం పక్కన పెట్టడం నా వంతు. వంట, నీళ్ళు, ఇల్లలకడం ఎవరూ పని అనరు కనుక వాటిని చెప్పను. రాట్నం ఆపకుండానే ఎందుకని అడిగాను. వానలకు కాజీపేట దారిలో తూము కుంగిందట. బాగు చేసేదాకా, సోమవారం నుంచి గురువారం దాకా, ప్యాసింజరును మిల్లు వెనక ఉండే గూడ్సు లైను మీద నడుపుతారట. వారానికి ఒకటి రెండు మార్లు బొగ్గు, పత్తి బేళ్ళు పోవడమే తప్ప ఆ పట్టాలు మనుషులను మోసినవి కావు. ఆ లైను శవాలను పూడ్చే బొందలగడ్డను ఆనుకొని పోతుంది.

"ఆడోళ్ళు కన్నెత్తి సూడరాని జాగ గది. నాలుగొద్దులు ఇంట్ల ఉంటె నీ బడి కూలిపోతదా, పంతులమ్మా?"

నా కూతురు పద్మ ఆ బొందలగడ్డలోనే ఉంది. అప్పటికి పదకొండు రోజులు. దానికి నాలుగేళ్ళు.

కాజీపేటలో ఆడపిల్లల బడిలో ఆరేళ్ళుగా చదువు చెబుతున్నాను. పొద్దున బండికి పోయి సాయంత్రం బండికి వరంగల్లు తిరిగి వస్తాను. పద్మ పోయిన గురువారం పొద్దున దానికి జ్వరం తగ్గి ఒళ్ళు చల్లబడింది. జొన్న గటక రెండు ముద్దలు తిన్నది. బడికి ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు అది. పోయాను. సాయంత్రం వచ్చేసరికి పద్మ పడుకున్న చాప కడిగి గోడకు ఆరబెట్టి ఉంది. మధ్యాహ్నమే పోయిందని, అప్పుడే తీసుకుపోయారని, చాపను చూస్తూ విన్నాను. కాజీపేట ఎంత దూరమని? ఒక మనిషిని పంపలేదేమని అడిగితే అత్త చిలుకమ్మ, "పంపితె మాత్రం నువ్వు బొందకాడికి వస్తవా? ఆడదానివి. పసిపిల్లను నీ బండి వచ్చేదాక ఉంచుతమా?" అన్నది. తల్లి బడిచుట్టు తిరుగుతుంటే పిల్ల ఎట్లా బతుకుతుందని ఆ తరువాత వచ్చిన వాళ్ళందరితో అన్నది. నేను పక్కనే కూర్చుని విన్నాను. పిల్లను ఎక్కడ పెట్టారని మా ఆయనను రెండు మార్లు అడిగాను. "అటు దిక్కు, లైను పక్కకు" అని మగ్గం గుంటలోకి దిగాడు. ఒకసారి తోలుకపొమ్మన్నాను. "ఆడోళ్ళు పోతరా ఆడికి?" అన్నాడు. పోరని నాకూ తెలుసు. మా అమ్మ పోలేదు, ఆమె అమ్మా పోలేదు. కని పెంచింది ఆడది, ఆఖరికి ఎక్కడ పెట్టారో చూసే హక్కు మాత్రం మగవాళ్ళది. ఈ లెక్క ఎవరు వేశారో నాకు తెలియదు. పిల్లలు తప్పు లెక్క చేస్తే కొట్టేసి మళ్ళీ చేయమంటాను.

ఆ సోమవారం కండెలు ముగించి, అన్నం దించి, బండికి పోయాను. వద్దని ఆయన గడప దాకా వచ్చి అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు.

గూడ్సు లైను మీద బండి నడక మనిషి నడకే. పట్టాల నడుమ మోకాలెత్తు గడ్డి. సిగ్నళ్ళు లేవు కనుక ఒక మనిషి పచ్చజెండా పట్టుకొని ఇంజను ముందు నడుస్తున్నాడు. మిల్లు గోడ దాటగానే జనానా డబ్బాలో కలకలం మొదలయింది. బొందలగడ్డ వస్తున్నదని ఆడవాళ్ళు ఒక్కొక్కరే కిటికీ తలుపులు దించుతున్నారు. డబ్బా చీకటయింది. నా కిటికీ ఒక్కటే తెరిచి ఉంది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ, యాకమ్మ అని తరువాత తెలిసింది, నా మోకాలి మీద తట్టింది.

"అమ్మా, నా బిడ్డ కడుపుతోని ఉన్నది. జర మూయరాదు?"

ఆమె పక్కన పదహారేళ్ళ పిల్ల, ఎనిమిదో నెల ఉంటుంది, కొంగు ముఖం మీదికి లాక్కుని ఉంది. ఆ పిల్ల భయం అబద్ధం కాదు. నా కిటికీ మూస్తే నాకు మిగిలేది ఏమీ లేదు. "మూయలేనమ్మా. నా బిడ్డ అక్కడున్నది. ఇంతవరకు చూడలేదు" అన్నాను. గొంతు పెద్దది చేయలేదు, అయినా డబ్బా అంతా విన్నది. "చదువుకున్నదట, సిగ్గు లేదు" అని ఒకామె గొణిగింది. కొంగు చాటు నుంచి ఆ పిల్ల తల్లితో, "ఉండనియ్యి అవ్వా, నేను ఇటు తిరుగుత" అని నాకు వీపు పెట్టి కూర్చుంది. యాకమ్మ లేచి వచ్చి నా పక్కన ఇరుక్కుని కూర్చుని, బయటికి చూస్తూ, నాకు మాత్రమే వినబడేటట్టు చెప్పింది. "నాయి మూడున్నయి ఆడ. ముప్ఫయ్యేండ్లాయె. ఇయ్యాల్నే సూస్తాన."

పట్టాలు చేత్తో మార్చే చోట బండి ఆగింది. మాకు ఇరవై గజాల దూరంలో చిన్న చిన్న మట్టి దిబ్బలు, నక్కలు తవ్వకుండా పైన రేగుకంప, రాళ్ళు. కొత్తవి పదమూడు లెక్కపెట్టాను. ప్రతి దాని తలాపునా వెదురు పుల్ల. వానకు అన్నీ ఒక్క తీరుగా నల్లబడి ఉన్నాయి. ఏది నాదో తెలియలేదు. ముప్ఫయ్యేళ్ళ కిందటివి యాకమ్మకు ఎట్లా తెలుస్తాయి? అయినా ఆమె ఒక్కొక్క దాని మీదా చూపు నిలిపి చూసింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా ఆయనా, వాళ్ళన్నా ఇద్దరూ మగ్గం మీద ఉన్నారు. జంపఖానా వెడల్పుది, ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి. నేను ఎదుట నిలబడి ఆయనను అడిగాను. "పదమూడు కుప్పలు ఉన్నయి. మనది ఏది?"

ఆయన చేయి ఆగింది. పక్కన అన్న వెంకట్రాజం చేయి కూడా ఆగవలసి వచ్చింది. ఆయన తల ఎత్తకుండా, "నాకు తెల్వది" అన్నాడు. "నేను లోపలికి పోలె. కాళ్ళు ఆడలె. మిల్లు గోడకాడనే కూసున్న. అన్న తీస్కపోయిండు."

ఆయన మీద జాలి కలిగింది, కలగలేదని అనను. కాని దానికంటే ముందు మరొకటి కలిగింది. కాళ్ళు ఆడని ఆయనను ఎవరూ ఒక్క మాట అనలేదు. కాళ్ళు ఆడే నన్ను మాత్రం గడపలో ఆపారు.

అప్పుడు వెంకట్రాజం బావ నోరు విప్పాడు. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆయన నాతో నేరుగా మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. "నేనే పెట్టిన, సరోజనా. మన సాలోల్ల పిల్లలకు పడుగుపుల్ల నాటుతం గద, నాటిన. పుల్లకు మగ్గం మీది దారం కడతం. గా రోజు మగ్గం మీద నీలం నడుస్తాండె. నీలం దారం సూడు."

వంటింట్లోంచి అత్త, ఆడదానికి ఆ జాగ గుర్తులు చెబుతున్నావేమిరా అని కొడుకు మీద కేకలు వేసింది. బావ మళ్ళీ నేతలోకి వంగాడు.

మంగళవారం నీలం దారం కనబడింది. చివరి వరుసలో, తుమ్మచెట్టుకు ఇవతల. బుధవారం చూస్తే దిబ్బ ఒక పక్క వానకు కుంగి ఉంది, కంప జారింది. బండి కదిలేదాకా ఆ కుంగిన పక్కనే చూశాను. ఆ రోజు బడిలో మరునాటికి సెలవు చీటీ రాసి ఇచ్చాను. కారణం రాసే చోట 'కూతురి పని' అని రాశాను. పెద్ద పంతులమ్మ చదివి, ఏమీ అడగకుండా సంతకం పెట్టింది.

గురువారం పట్టాలు మార్చే చోట బండి ఆగగానే నేను డబ్బా తలుపు తీశాను. ప్లాట్‌ఫారం లేదు. మెట్టు నా నడుమెత్తు ఉంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని దూకాను. గార్డు వెనక నుంచి జెండా ఊపుతూ, "ఓ అమ్మా, గిది టేషన్ గాదు" అని అరిచాడు. తెలుసన్నాను. బండి నన్ను వదిలి మెల్లగా సాగిపోయింది. జనానా డబ్బాలో ఎన్ని కిటికీలు తెరిచి ఉన్నాయో నేను చూడలేదు, నాకు వేరే పని ఉంది. కంప తీశాను. కుంగిన చోట పక్క మట్టి తెచ్చి చేతులతో నింపి, అరచేతులతో అదిమి, మళ్ళీ కంప పేర్చి పైన రాళ్ళు ఎత్తాను. పద్మతో ఏం మాట్లాడానో ఇక్కడ రాయను. చెప్పవలసినదంతా చెప్పాను.

పట్టాల వెంట నడిచి మా ఇల్లున్న కొత్తవాడ చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మిల్లుకాడ ఎవరో చూశారట, వార్త నాకంటే ముందే ఇంటికి చేరింది. అత్త వాకిట్లో బిందెతో నీళ్ళు పెట్టుకొని నిలబడింది. అటునుంచి వచ్చిన వాళ్ళు తలమీద నీళ్ళు పోసుకోకుండా గడప తొక్కకూడదు. "మైలతోని లోపలికి రాకు" అన్నది.

"నా బిడ్డ నాకు మైల కాదు" అని ఆమె పక్క నుంచి లోపలికి నడిచాను. చీర మార్చుకోలేదు. పొయ్యి అంటించి బియ్యం పోశాను. అన్నం ఉడికాక ఆయన మగ్గం దిగి వచ్చి, పీట వేసుకొని కూర్చున్నాడు. వడ్డించాను, తిన్నాడు. బావ కూడా వచ్చి తిన్నాడు. అత్త ఆ పూట తినలేదు. నేను బతిమాలలేదు.