రాహుల్ చదివిన తొంభై ఆరు పుస్తకాలు

పాతబస్తీలో మగపిల్లల చేత పుస్తకాలు చదివించిన ఏకైక మహిళను నేను. నమ్మకపోతే యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో, పిండి గిర్నీని ఆనుకుని ఉన్న, నేను అసిస్టెంట్‌గా పనిచేసే మా చిన్న లైబ్రరీకి వచ్చి పిల్లల రిజిస్టర్ చూడండి. ఏడు నెలలుగా రోజుకు ఇరవై ముగ్గురు. అందరూ అబ్బాయిలే. కుండపోత వానలో వచ్చారు, పరీక్షల్లో వచ్చారు, ఇండియా ఫైనల్ ఆడే రోజున కూడా వచ్చారు. ఇలాంటి మగపిల్లల్ని చూడటానికి టూరిస్టులు చార్మినార్ మానేసి మా గల్లీకి రావాలి.

చిన్న లోపం ఒకటుంది. వాళ్ళలో ఒక్కడు కూడా ఇంతవరకు మా గడప తొక్కలేదు.

వచ్చేది వాళ్ళ అక్కలూ చెల్లెళ్ళూ. నాలుగింటికి గోధుమల డబ్బాలతో గిర్నీకి వస్తారు. డబ్బాలు లైన్లో నిలబడతాయి, పిల్లలు మా దగ్గర కూర్చుంటారు. డబ్బా వంతు రావడానికి నలభై నిమిషాలు. రోజు మొత్తంలో వాళ్ళ చేతులు ఖాళీగా ఉండే సమయం అంతే. అదే మా బాలల విభాగం పనివేళ. సరిగ్గా ఆ వేళకే మా లైబ్రేరియన్ సోమశేఖర్ సార్ ఇరానీ చాయ్‌కి వెళ్ళి ఐదింటికి వస్తారు కాబట్టి, ఆయన దృష్టిలో పిల్లలంటే రిజిస్టరే.

నా చేతులు ఖాళీగా ఉండే సమయం ఇంకా వెతుకుతున్నాను. మా ఆయన శ్రవణ్‌కుమార్‌కు పత్తర్‌గట్టిలో చీరల దుకాణం. కస్టమర్లు విప్పి పారేసిన చీరలు మూటలు కట్టి ఇంటికి వస్తాయి, నేను మడతపెట్టాలి. పగలు లైబ్రరీలో పేపర్లు మడత, సాయంత్రం ఇంట్లో చీరలు మడత. రెండేళ్ళలో నేను మడతపెట్టిన చీరలు పరిస్తే చంద్రుడి దాకా వెళ్ళి, అక్కడ జాకెట్ ముక్కకు కూడా మిగులుతాయి. "పుస్తకాల దుమ్ము దులిపే చేతికి మా ఇంటి దుమ్ము కనవడదా అమ్మా?" అంటుంది మా అత్తగారు వాసవాంబ, ఆ చేతిలో అప్పుడు చీపురు ఉన్నా సరే.

పిల్లల విభాగానికి ఇవ్వడానికి లైబ్రరీలో పాత కథల పుస్తకాలు తప్ప ఏమీ లేదు. అందుకని దుకాణంలోంచే తెచ్చాను. చీరల మధ్య పెట్టే అట్టల మీద బొమ్మలు గీసి కథల కార్డులు చేశాను. చీరలు వచ్చే పెట్టెలు పక్కకు పడుకోబెడితే పిల్లల ఎత్తుకు సరిపోయే అరలయ్యాయి. దుకాణంలో పరుపు మీద వేసే తెల్ల గలేబు పాతదైతే తెచ్చి కింద పరిచాను. "దుకాణం చెత్తంత ఎత్కపోయి లైబ్రరీల పెట్టినవా? మంచిగుంది, చెత్తల చెత్త," అన్నాడు మా ఆయన. పండగ ఆఫర్లకు వాట్సాప్‌లో ఆయన పేరుతో వెళ్ళే మెసేజ్‌లు మాత్రం నేనే రాయాలి. "మా శ్రవణ్ మస్తు రాస్తడు," అని అత్తగారు చుట్టాలందరికీ చూపిస్తుంది. నేను పక్కన నిలబడి చాయ్ ఇస్తాను.

చిన్న లైబ్రరీలో పిల్లల కోసం ఏమేం చేయొచ్చో కుక్కర్ కూతల మధ్య ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇరవై ఒక్క ఐడియాలు. సోమశేఖర్ సార్ దాన్ని "చూసి ఇస్త" అని తీసుకుని, ఏదో శిక్షణ సమావేశంలో తన పేరుతో చదివి శాలువా కప్పుకుని వచ్చారు. "మన శాఖకు పేరొచ్చింది రాగసుధా, నీకొచ్చినట్టే గద," అన్నారు. నేను నవ్వాను. అది నాకు బాగా అలవాటైన నవ్వు.

మొదట్లో పిల్లలు సొంత పేర్లే రాసేవాళ్ళు. ఒకరోజు వాళ్ళలో కీర్తిప్రియ అనే పిల్ల బాబాయి పేపర్ కోసం వచ్చి, ఊరికే రిజిస్టర్ తిరగేసి, వాళ్ళ పిల్ల పేరు చూశాడు. మర్నాటి నుంచి గిర్నీకి వాళ్ళ నానమ్మ వచ్చింది. కీర్తిప్రియ మళ్ళీ రాలేదు. అప్పుడు నాకో మహా కొంటె ఆలోచన వచ్చింది. "మీ అన్నల పేర్లు, తమ్ముళ్ళ పేర్లు రాయున్రి. ఎవడు చూసినా మురిసిపోతడు," అన్నాను. పిల్లలు పడిపడి నవ్వారు. మగాళ్ళందరినీ ఒక్క రిజిస్టర్‌తో బురిడీ కొట్టించానని నేను ఆ రోజంతా గాల్లో తేలాను.

నిన్న సోనీ వచ్చింది. పదకొండేళ్ళది, నా అరల్లో ఏ పుస్తకం ఎక్కడుందో నాకంటే దానికే బాగా తెలుసు. పుస్తకం తీయకుండా గలేబు మీద కూర్చుంది.

"మా తమ్మునికి బాపు సైకిల్ కొన్నడక్కా. తొంభై ఆరు పుస్తకాలు చదివిండంట. సార్ చెప్పిండంట."

నవ్వబోయాను. అది నవ్వలేదు.

"వాడు చదవనే చదవడు. ఎందుకు కొన్నరో వానికే తెల్వదు," అంది. తర్వాత నెమ్మదిగా, "లైబ్రరీ పండుగల ఎక్కువ చదివినోళ్ళకిచ్చే బహుమతి గూడ వాడే తీస్కుంటడా?"

రాత్రి చీరలు మడతపెడుతుంటే ఆ ప్రశ్న ప్రతి మడతలోనూ వచ్చి కూర్చుంది.

ఇవాళ నాలుగున్నరకు సార్ ముందే వచ్చేశారు. వెంట సోనీ నాన్న, ఆటో నడిపే బాలకిషన్. చేతిలో ఉస్మానియా బిస్కెట్ల పొట్లం. సోనీ చిన్నపిల్లలకు కథ చదివి వినిపిస్తోంది.

"నా కొడుకును ఇంతటోణ్ణి చేసినవ్, తీస్కో బిడ్డా," అని పొట్లం నాకిచ్చి, అప్పుడు కూతుర్ని చూశాడు. "నువ్విక్కడేం జేస్తున్నవే? గిర్నీ లైన్ల ఉండక?"

నా నోట్లో అబద్ధం ఎప్పుడూ వేడివేడిగా ఉంటుంది. "రాహుల్ పుస్తకం వాపస్ ఇయ్యనీకి వచ్చిందన్నా," అనేశాను.

సోనీ పుస్తకం మూసి నా వైపు చూసింది.

"మళ్ల వాని పేరేనా అక్కా?"

పిండి మరలో రాయి పడ్డట్టు నాలో ఏదో ఆగిపోయింది.

"అన్నా," అన్నాను, "మీ రాహుల్ మొఖం నేను ఇంతవరకు చూడలే. ఆ తొంభై ఆరు చదివింది మీ సోనీ. తమ్ముని పేరు రాయమన్నది నేనే. దాన్ని ఏమనకు, అనేదుంటే నన్నను."

బాలకిషన్ వంగి కూతురి చేతిలోని పుస్తకం అట్ట చూశాడు. సార్ మాత్రం రిజిస్టర్ లాక్కున్నారు. ముఖం ఎర్రబడింది.

"ఒకళ్ళు జేసిన పని ఇంకొకళ్ళ పేరు మీద రాసుడు ఎంత తప్పో తెలుసా నీకు?"

"తెలుసు సార్. మీరు శాలువా కప్పుకున్న దినం నుంచి తెలుసు. ఇంట్లైతే ఇంకా ముందుకెల్లే తెలుసు. తెలిసి తెలిసి పిల్లలకు గూడ అదే నేర్పిన."