బ్రిడ్జి కూలినది, దారి లేదు

నాచారంలో సాంబయ్య బోర్డు రాస్తే ఆగి చదవని మనిషి లేడని జనం అనేవాళ్లు. నా గొప్ప కాదు, వాళ్లే అనేవాళ్లు. సరే, నా గొప్పే అనుకోండి. 2008 వచ్చినా మా కాలనీలో వీధులకు పేర్లు లేవు. మున్సిపాలిటీవాళ్లను అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి, ఆ పేర్లేవో నేనే పెట్టేశాను. నల్లా నీళ్లు రాని గల్లీకి ‘గంగాభవాని మార్గం’. రాత్రీ పగలూ కుక్కలు కొట్లాడుకునే గల్లీకి ‘ప్రశాంతి వీధి’. మోరీ పొంగిపొర్లే గల్లీకి ‘సముద్ర తీరం’. పోస్టుమన్ నవ్వుకుంటూనే ఆ పేర్ల మీద ఉత్తరాలు పంచేవాడు.

మా పెద్ద రోడ్డే మా ప్రాణాల మీదికొచ్చింది. మల్లాపూర్ ఫ్యాక్టరీల లారీలు, చుట్టూ తిరిగి పోవడమెందుకని, మా ఇళ్ల మధ్యలోంచి నాలా మీది బ్రిడ్జి దాటి పోయేవి. ‘మెల్లగ పో మామా, నీకూ పిల్లలున్నరు’ అని రాశాను. ‘ఇది రోడ్డు, విమానాల అడ్డా కాదు’ అని రాశాను. డ్రైవర్లు చదివి, పళ్లికిలించి, హారన్ కొట్టి మరీ పోయేవాళ్లు. ఒకనాడు బడి నుంచి వస్తున్న పిల్ల భుజాన ఉన్న సంచీ లారీకి తగులుకుని తెగిపోయింది. పిల్లకేమీ కాలేదు. కాలనీ ప్రెసిడెంటు బుచ్చిరాములు ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చాడు.

“నవ్విచ్చింది సాలు సాంబన్నా,” అన్నాడు. “ఈసారి భయపెట్టు.”

భయపెట్టాను. పసుపు రేకు మీద నల్లటి అక్షరాలు, పైన ఎర్ర రంగుతో పుర్రె. ‘హెచ్చరిక. బ్రిడ్జి కూలినది. దారి లేదు.’ కింద ‘ఆజ్ఞానుసారం’ అని కూడా రాశాను. ఎవరి ఆజ్ఞో నేను రాయలేదు, ఎవరూ అడగనూ లేదు. రోడ్డుకు నాచారం కొసన ఒకటి, మల్లాపూర్ కొసన ఒకటి పాతాం. బ్రిడ్జి మాత్రం నిక్షేపంగా ఉంది. మర్నాటి నుంచి లారీలు బంద్. ఆటోలు కూడా రావడం మానేశాయి. నడిస్తే అరిగిపోతామా అనుకున్నాం. నేనైతే వారం రోజులు మీసం దువ్వుకుంటూ తిరిగాను.

అది శ్రావణ మాసం. మధ్యాహ్నం మూడు దాటింది. నా భార్య శ్యామలమ్మ పక్కనున్న ఖాళీ ప్లాటులో గోంగూర తెంపడానికి పోయింది. నేను వాకిట్లో కుంచెలు కడుగుతున్నాను.

“ఏమయ్యా! పాము! పామయ్యా!”

నేను పోయేసరికి పడగ ఒకటి రాళ్ల సందులోకి జారిపోతూ కనబడింది. చీలమండ మీద రెండు గాట్లు, రెండు నెత్తురు చుక్కలు. ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకొచ్చి వాకిట్లో మంచమ్మీద పడుకోబెట్టాను. పక్కింటి లింగమ్మ ఉరికొచ్చింది.

“కీసర దిక్కు మంత్రమేసేటాయన ఉన్నడంట అన్నా!”

“నీ మంత్రం మన్నుబడ! ఆ సెల్లు ఇటియ్యి ముందు!”

నూట ఎనిమిదికి ఫోన్ చేశాను. నడిపించొద్దు, కాలు కదలనివ్వొద్దు, ఉప్పల్ నుంచి బండి బయలుదేరింది, పది నిమిషాల్లో ఉంటుంది అన్నారు. వీధి పేరు అడిగితే తడుముకోకుండా పెద్ద రోడ్డు, నాలా బ్రిడ్జి పక్కన అని గుర్తు చెప్పాను. బ్రిడ్జికి ఇవతలే అని చెప్పాలని తట్టలేదు.

“పది నిమిషాలేనే,” అన్నాను ఆమెతో.

“ఏంగాదు గదా?”

“ఏంగాదు. నేనున్న గదా.”

ఆమె కళ్లు మూతలు పడుతున్నాయి. “నిద్రొస్తున్నదా?” అని అడిగాను.

“నిద్ర గాదు. రెప్పలు లేస్తలెవ్వు,” అంది. ఆ మాట కూడా ముద్దగా వచ్చింది.

పది నిమిషాలయ్యాయి, పన్నెండయ్యాయి. బండి చప్పుడు లేదు. అప్పుడు ఫోన్ మోగింది. బండి డ్రైవరు.

“అన్నా, మీ రోడ్డు బంద్ ఉన్నది గదా. బ్రిడ్జి కూలిందని బోర్డు వెట్టిన్రు. మల్లాపూర్ మీదికెళ్లి తిరిగొస్తున్న.”

“అది అబద్ధం! తిరిగి రా!” అని అరిచాను. అప్పటికే లైను కట్టయింది. తిరిగి చేస్తే కలవదు. బండి ఇంకా ఆ బోర్డు దగ్గరే ఉందేమోనని నాచారం కొసకు పరుగెత్తాను. అక్కడ బండి లేదు. నా పుర్రె మాత్రం పళ్లన్నీ బయటపెట్టి నిలబడి ఉంది. అది మల్లాపూర్‌లో షిఫ్టు వదిలే వేళ. సైకిళ్లు, బస్సులు, లారీలు దాటుకుని ఆ బండి ఎప్పటికి రావాలి? వచ్చాక మాత్రం?

వచ్చాక మాత్రం ఏముంటుందో అప్పుడు తట్టింది. ఆ కొసన కూడా నేనే పాతాను.

అనుకున్నంతా అయింది. ఎంతసేపటికో ఫోన్ మోగింది.

“ఈడ గూడ గదే బోర్డున్నది అన్నా.”

“అది నేనే రాసిన! ఉత్తదే! లారీలు రావొద్దని రాసిన! బ్రిడ్జి మంచిగున్నది, నీ కాళ్లు మొక్కుత, రా!”

“నువ్వు రాసినవో ఎవలు రాసిన్రో నాకేమెరుక? పోయినేడు వానల గిట్లనే మొండిగ తోలితే బండి నీళ్లల్ల దిగబడ్డది. లోపల పేషెంటున్నడు. మల్ల నేనా పని జెయ్య. బ్రిడ్జి ఉంటే నువ్వే వచ్చి దాని మీద నిలబడు. సూసి వస్త.”

అతణ్ని తిట్టడానికి నోరు తెరిచాను. ఏమని తిట్టాలి? నేను రాసింది నమ్మాడు, అంతే కదా.

నేనున్నది ఈ కొసన. బ్రిడ్జి మా ఇల్లు దాటి అవతల. చెప్పులు విడిచేసి పరుగు తీశాను. మా వాకిలి దగ్గరికి రాగానే లింగమ్మ గుండె బాదుకుంటూ అరిచింది, “ఆగన్నా, జర ఇటు సూడన్నా!” ఓరకంట చూశాను. శ్యామల మెడ వాలిపోయి ఉంది. నోటి కొస నుంచి చొంగ కారుతోంది. ఆగానంటే మళ్లీ నా కాళ్లు లేవవని తెలుసు. ఆగలేదు.

బ్రిడ్జి ఎక్కి చూస్తే దూరంగా తెల్లటి బండి, దాని ముందు నిలబడి డ్రైవరు. చేతులు ఊపాను. చాలదనిపించింది. ఎగిరి రెండు కాళ్లతో బ్రిడ్జి మీద దూకాను. యాభై రెండేళ్లవాణ్ని, లుంగీ జారిపోతున్నా పట్టించుకోకుండా, “కూలలే! కూలలే!” అని ఏడుస్తూ దూకుతూనే ఉన్నాను. అతను బండెక్కడం చూశాకే ఆపాను.

బండిలో కుర్రాడొకడు ఆమె మూతికి మాస్కు పెట్టి, గాలి సంచీని దారి పొడుగునా పిసుకుతూనే ఉన్నాడు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి నన్ను తిరిగి పట్టుకోలేదు. పెద్ద దవాఖానాలో డాక్టరమ్మ కమలకుమారి ఎదురొచ్చింది.

“కరిచి ఎంతసేపైంది? కరెక్టుగా చెప్పండి.”

“గంట మేడం. అండ్ల అర్ధగంట నాది.”

ఆమెకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. స్ట్రెచర్ లోపలికి పోయింది, తలుపు మూసుకుంది. గొంతులో గొట్టం వేశామని, మిషన్ మీద ఊపిరి నడుస్తోందని తర్వాత ఎవరో చెప్పారు. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా నా పేరు పిలుస్తారేమోనని లేచి నిలబడేవాణ్ని. రెండు రోజులు ఆ తలుపు ముందే ఉన్నాను.

మూడో రోజు పొద్దున గొట్టం తీసేశారు. నన్ను లోపలికి పిలిచారు. శ్యామల కళ్లు తెరిచే ఉంది. ఆమె అడగకముందే అంతా చెప్పేశాను. మొదటి బోర్డు, రెండో బోర్డు, మల్లాపూర్, బ్రిడ్జి మీద నా గంతులు, ఒక్కటీ దాచలేదు. తిడుతుందని తల వంచుకుని కూర్చున్నాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

“బోర్డు సంగతి ఇడువు,” అంది. గొంతు బొంగురుపోయి ఉంది. “నాకు కండ్లు తెరువరాలే గని, చెవులకు మంచిగనే ఇనవడ్డది. లింగమ్మ ఆగమని మొత్తుకుంటున్నది. నీ అడుగుల సప్పుడు మంచం పక్కకెల్లే పోయింది. నువ్వు ఆగలే. సచ్చేదాన్ని సూడలేక నన్ను ఇడిసిపెట్టి ఉరుకుతున్నవనుకున్న.”

“బండి కోసం ఉరికిన శ్యామలా.”

“గది ఇప్పుడు తెలిసింది,” అంది. “అప్పుడు తెల్వదు గదా.”