లారీ ఎక్కిన కొస

లైబ్రరీ మేడం శ్యామల ఫోన్లో "జీవిత పాఠాలు" అంది. కొండమ్మ మొగుడు పగిడయ్య చెవిలోకి అవి "జీవిత పాటలు"గా దిగాయి. ఒక్క ఒత్తు జారిపోయేసరికి వాడ వాడంతా గొంతు సవరించుకుంది.

"ఏమే కొండమ్మా! ఆదివారం మండల లైబ్రరీల నువ్వు పాటలు పాడాల్నంట!"

"నేనా? ఏం పాటలయ్యా?"

"ఎండకాలం మీరు నవల చదివిండ్రు గద, దాని పాటలు. ఒక్కదానివేం పాడుతవ్, ఎనకనుంచి అందుకునేటోళ్లు ఉండాలె. బోరింగు కాడ అందరికీ చెప్పొచ్చిన."

చెప్పడంలో పగిడయ్యకు ఎప్పుడూ ఆలస్యం లేదు, వినడంలోనే ఉంది తేడా. కొండమ్మ తిరిగి ఫోన్ చేస్తే మేడం పకపకా నవ్వింది. "పాటలు కాదక్కా, పాఠాలు. ఆ నవల నుంచి నువ్వేం నేర్చుకున్నవో నాలుగు ముక్కలు చెప్పు, చాలు."

అప్పటికే పదిమంది ఆడవాళ్లు మంచి చీరలు బయటికి తీశారు. "పాటలైతేంది, పాఠాలైతేంది? మేం వచ్చుడు వచ్చుడే" అన్నారు. అశ్వారావుపేటకు పామాయిల్ గెలలు తోలే రూప్‌సింగ్ ట్రాక్టరునూ మాట్లాడేసుకున్నారు.

కొండమ్మకు చిక్కొచ్చి పడింది. ఒక్కతే పోతే ఏదో నాలుగు మాటలు చెప్పి గట్టెక్కేది. ఇప్పుడు వీళ్లలో ఎవరో ఒకరు ఆ నవల కొస గురించి నోరెత్తుతారు. వీళ్లకు తెలిసిన కొస పుస్తకంలో లేదు. అది కొండమ్మ నోట్లో పుట్టింది.

సంగతేమిటంటే, బీడీలు చుట్టే తునికాకు కోసే రోజుల్లో తెల్లారకముందే అడవికి పోయి, ఎండ నెత్తికెక్కేలోగా ఆకు తెచ్చి, పందిరి కింద కూర్చుని కట్టలు కడతారు. యాభై ఆకులు ఒక కట్ట. చేతులకు పని, చెవులకు సెలవు. మహిళా సంఘంలో సంతకం కోసం మొదలుపెట్టి చదువుదాకా వచ్చిన కొండమ్మ, ఆ చెవుల్ని కిరాయికి తీసుకుంది. లైబ్రరీ నుంచి నవల తెచ్చి పైకి చదివేది. ఆమె ఆకులు వాళ్లు కట్టేవాళ్లు, వాళ్ల కోసం ఆమె పుస్తకం ఆకులు తిప్పేది.

నవలలో మాణిక్యమని పడవ నడిపే ఒక ఆడమనిషి. వరదలో పడవ పోతే, ఊరంతా నవ్వుతుంటే, ఒక్కో చెక్కా పోగేసి కొత్త పడవ చేసుకుంటుంది. ఆఖరున పడవల పందెం. పందిరి కింద అందరూ ముందుకు జరిగారు. కొండమ్మ పేజీ తిప్పింది.

అట్ట వచ్చింది.

అంతకు పదిహేను రోజుల ముందు సుడిగాలి లేచి, ఆకులూ, కుట్లూడిన పుస్తకంలోని కాగితాలూ కలిసి ఎగిరాయి. తలా ఒక చేయి వేసి ఏరారు. వాడలో దుర్గంత చేయి తిరిగిన మనిషి లేదు. ఆమె చేతికి ఆకంత వెడల్పున్నది ఏది దొరికినా దొంతరలోకి పోతుంది. యాభై కాగానే ముడి పడుతుంది. దుర్గ కట్టలో ఏదో తెల్లగా కనిపించిన సంగతి కొండమ్మకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ కట్ట కల్లంలో ఎండి, లారీ ఎక్కి, ఎటో పోయింది.

"గెల్చిందా అక్కా?" దుర్గే అడిగింది, కళ్లింత చేసుకుని.

కొస పోయిందంటే అందరి చూపూ దుర్గ మీద పడుతుంది. కొండమ్మ అట్ట వైపు చూస్తూ చదివింది. మాణిక్యం అందరికన్నా ముందుంది. వెనక ఒక పడవ తిరగబడింది. అది ఒకప్పుడు తనను చూసి నవ్విన మనిషిది. మాణిక్యం పడవ వెనక్కి తిప్పింది. పందెం పోయింది, మనిషి దక్కింది. కట్టలో పోయిన కథకు అలా కట్టుకథ దొరికింది.

వారం తిరక్కుండా జంపక్కకు జ్వరం వచ్చింది. మొగుడు లేని మనిషి, ఆమె ఆకు ఆమే తెంపాలి. మూటలతో ఇళ్లకు వస్తున్న ఆడవాళ్లను దుర్గ నడిదారిలో ఆపింది. "మాణిక్యం తిప్పింది గద పడవ. మనం తిరగొద్దా?" అంది. అందరూ మళ్లీ అడవిలోకి నడిచారు. నాలుగు రోజులు జంపక్క కట్టలు వాళ్లే కట్టారు. కొండమ్మకు అది చూసి ఒళ్లు పొంగింది. అబద్ధం మాత్రం కాల్లో ముల్లులా అట్లాగే ఉండిపోయింది.

ఆదివారం లైబ్రరీ నిండిపోయింది. శ్యామల మేడం ఒక్కొక్కరినీ అడుగుతోంది. ఒకామె ఓర్పు అంది, ఇంకొకామె పట్టుదల అంది. అప్పుడు జంపక్క లేచింది, కొంగు నిండా కప్పుకుని.

"నాకు నచ్చింది ఆఖర్ల పడవ తిప్పుడు మేడం. గెలుపు ఇడిచిపెట్టి ఇంకో మనిషి కోసం తిరిగొచ్చింది సూడు, గదీ పాఠం."

ముందు వరసలో రిటైరైన తెలుగు మాస్టారు ఆంథోని కళ్లజోడు సవరించుకున్నాడు. ఆయన దగ్గర ఆ నవల సొంత ప్రతి ఉంది. "లేదమ్మా, అట్లా జరగలేదు. మాణిక్యమే గెలుస్తుంది. వెనక్కి చూడను కూడా చూడదు."

వెనక బెంచీల్లో నవ్వులు లేచాయి. "కట్టలు కట్టుకుంట తప్పు విన్నట్టున్నది!" అన్నారెవరో.

జంపక్క మొహం వాడిపోయింది. "నేనే తప్పు విన్ననేమో సారూ" అని కూర్చోబోయింది.

కొండమ్మ నోరు విప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. చదివే మనిషన్న పేరు నిలుస్తుంది. జంపక్క మాత్రం నలుగురిలో తెలివితక్కువదై ఇంటికి పోతుంది. కొండమ్మ లేచింది.

"జంపక్క మంచిగనే విన్నది సారూ. నేనే లేనిది చదివిన." గాలి సంగతి, కాగితాల సంగతి, అట్ట సంగతి అన్నీ చెప్పింది. కట్ట ఎవరిదో మాత్రం చెప్పలేదు. "మిమ్మల్ని మోసం చేసిన. మాఫ్ చేయుండ్రి."

దుర్గ నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓయమ్మో, గా కట్ట నాదే అయి ఉంటది! యాభై అయినయంటే నా చెయ్యి ఆగదు. మనిషి నిలబడితే మనిషిని కూడ కట్టేస్త!"

గది గొల్లుమంది. జంపక్క మాత్రం నవ్వలేదు. "సారూ, ఒక మాట. నాకు జరమొచ్చింది నిజం. వీళ్లు మర్లి అడవికి పోయింది నిజం. మరి గా కొస అబద్ధమెట్లయితది?"

ఆంథోని మాస్టారు కళ్లజోడు తీశాడు. "నలభై ఏళ్లు పిల్లలకు కథలు చెప్పి, చివర నీతి రాయమన్నాను. అందరూ నోట్సులోనే రాశారు. నడిచి చూపించినవాళ్లను ఇవాళే చూశాను" అని చప్పట్లు మొదలుపెట్టాడు. అవి వెనక బెంచీలదాకా పాకాయి. కొండమ్మ తల ఎత్తి నిలబడింది. దుర్గా, జంపక్కా చెరోపక్కా నిలబడ్డారు.

బయట ట్రాక్టరు దగ్గర రూప్‌సింగ్‌కు ఏమీ అంతుపట్టలేదు. వాళ్ల వెంట వచ్చి అంతా విన్న పగిడయ్యను అడిగాడు. "ఏమైంది మామా? పాటలు మంచిగ పాడిండ్రా?"

దారిన పోయేవాళ్లు కూడా ఆగారు. పగిడయ్య ట్రాలీ ఎక్కి, సంతకు వినపడేటంత గొంతుతో మొదలుపెట్టాడు. "పాటలు కాదు, పాఠాలు! నేనే తప్పు విన్న, నా తప్పే. ఇగ అసలు కథ ఇనుండ్రి. నవల కొసను దుర్గ కట్టల కట్టింది, లారీ ఎత్తుకపోయింది. గందుకే మావోళ్లకు తెల్సిన కొస సారు పుస్తకంల లేదు. గా కొస అల్లింది ఎవరనుకున్నరు? నా పెండ్లాం!"