ఆరో స్లైడు

పొద్దున్నుంచి అక్క కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఒక స్లైడు లెక్కపెడుతుంది, లేచి కిటికీ దాకా వెళ్తుంది, మళ్ళీ వచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చుంటుంది. ల్యాబులో మేడం తప్ప అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. సొంత తమ్ముడు మాత్రం ఒక్కడే. వాడికి తొమ్మిదో ఏటి నుంచీ రోజుకు నాలుగు ఇన్సులిన్ సూదులు. ఆమె ఈ పనిలో చేరిందే వాడి కోసం.

ఇన్సులిన్ చేసే కణాలు మనిషి పెద్దయ్యాక దాదాపు పెరగవు. పెరగమని కబురొచ్చినా, దాన్ని గుమ్మంలోనే ఆపేసి ‘ఉన్నవి చాల్లే’ అనే ప్రోటీను ఒకటుంది. దాని నోరు మూయిస్తే కణాలు పెరుగుతాయా? పన్నెండు స్లైడ్లలో ఆరింటికి మూయించారు, ఆరింటిని అలాగే వదిలేశారు. ఏది ఏదో లెక్కపెట్టేవాళ్ళకు తెలియకూడదని మేడం పేర్ల మీద కాగితాలు అంటించారు. కొత్తగా విడిపోతున్న కణం ఎర్రగా మెరుస్తుంది. వెయ్యింటికి ఎన్ని ఎర్రవో రాయాలి, అంతే.

ఆరో స్లైడులో పద్నాలుగు వచ్చాయి. రాసింది. ఇక ఆగలేకపోయింది. ఆత్రగాడికి బుద్ధి మట్టమని ఊరికే అన్నారా? గోటితో కాగితం అంచు లేపి చూసింది. నోరు మూయించినదే!

అంతే, మళ్ళీ కన్ను పెట్టింది. ఇందాక అనుమానంగా ఉన్నవన్నీ ఇప్పుడు విడిపోతున్నట్టే ఉన్నాయి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చనంటారు, ఈమెకు అంతా ఎర్రన. పద్నాలుగు చెరిపి ఇరవై రెండు రాసింది.

మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఏంటక్కా, గొంతు అలా ఉంది?"

"ఏం లేదురా. లెక్కలు బాగా వస్తున్నాయి."

"బాగా అంటే నాకు భయం. గుర్తుందా, చిన్నప్పుడు షుగరు ఎక్కువొస్తే అమ్మ తిడుతుందని పుస్తకంలో మంచి నంబర్లు రాసేవాణ్ణి? చివరికి ఆస్పత్రిలో తేలాను."

వాడు నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఆ రోజు మంచం పక్కన కూర్చుని ఏడ్చింది తనే.

ఫోన్ పెట్టేసి తిన్నగా మేడం గదికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేసింది.

"నీ లెక్కలన్నీ చెత్తబుట్టలోకే," అన్నారు మేడం. "ఇక ఆ స్లైడ్లు ముట్టుకోకు."

మేడం వేరే వాళ్ళ చేత కాగితాలు మార్పించి, స్లైడ్లు కలిపించి, రెండు రోజులు తనే కూర్చుని లెక్కపెట్టారు. తన తొందరతో తమ్ముడి ఆశను కూడా పాడుచేశానేమోనని ఆ రెండు రోజులూ అక్క ఒకటే కుమిలిపోయింది. మూడో రోజు మేడం పిలిచారు.

"నువ్వు విప్పి చూసినదాంట్లో పద్నాలుగు," అన్నారు.

ఇరవై రెండు కాదన్నమాట. "మరి మామూలువి?"

"ఎనిమిదీ, తొమ్మిదీ. ఒక్కటీ పది దాటలేదు. నోరు మూయించినవన్నీ పన్నెండు పైనే. కొంచెమే, కానీ పెరిగాయి."

అక్క వరండాలోకి వచ్చి తమ్ముడికి ఫోన్ చేసి అంతా చెప్పింది. వాడు ఓపిగ్గా విన్నాడు.

"అంటే నువ్వు మొదట రాసిన పద్నాలుగే సరిపోయేదా?"

"సరిపోయేదిరా."

"మరెందుకు చెరిపావక్కా?"